బెంచీ చివరి చోటు

పొద్దున్నే సదనం తలుపు తీయగానే కొత్తమ్మాయి మొదట బెంచీ తుడిచేది. ఆ తర్వాతే మిగతా పనులు. చక్రాల కుర్చీల టైర్లు నొక్కి చూడటం, తిరిగొచ్చిన మంచాలను మందునీళ్ళతో కడగడం, చంకకర్రలకు అరిగిపోయిన రబ్బరు బిళ్ళలు మార్చడం. ఆమె చేరి ఏళ్ళు గడిచినా తర్వాత ఇంకెవరూ చేరలేదు కాబట్టి కొత్తమ్మాయి కొత్తమ్మాయిగానే ఉండిపోయింది.

సదనం అంటే ఏదో మేడ అనుకునేరు. ప్రార్థన మందిరం గోడకు ఆనుకున్న ఒక ముందుగది, వెనక ఒక రేకుల షెడ్డు, అంతే. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నవాళ్ళు వచ్చి అడిగితే కావలసిన సామాను ఊరికే ఇస్తారు. అవసరం తీరాక తెచ్చి అప్పగించాలి. అవసరం ఎలా తీరిందని ఎవరూ అడగరు. తెచ్చినవాళ్ళ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇక బెంచీ సంగతి. ముందుగదిలో గోడవారగా వేసిన మామూలు చెక్క బెంచీ అది. ఆనుకోవడానికి వెనక చెక్క కూడా లేదు. వచ్చినవాళ్ళకు తేలని జవాబు చెప్పి పంపిస్తే, తెల్లారేసరికి ఆ బెంచీ ఒక మనిషి కూర్చునేంత మేర పెరిగేది. మనిషి ఇంటికి వెళ్ళిపోయినా ఎదురుచూపు అక్కడే కూర్చుంటుంది, దానికీ చోటు కావాలి కదా. జవాబు తేలిన రోజున అంత మేరా తగ్గేది. పెరిగినచోట కాళ్ళు వేయకపోతే వంగిపోతుంది కనుక వడ్రంగి సంచీ భుజాన వేసుకుని తరచూ వచ్చేవాడు.

"ఏం అమ్మాయ్, మొన్నటి నుంచి ఎంతమందికి చూద్దామన్నావు?" అనేవాడు కింద దూరి మేకులు కొడుతూ.

"నన్నంటావేం బాబాయ్. పెద్దయ్యగారి మాట అది."

"ఆయన మాట దేవుడికి, నీ మాట జనానికి. నడుం నెప్పి మాత్రం నాకు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. సదనం నడిపే పెద్దయ్యగారిది వెన్నలాంటి మనసు. "దేవుడి గుమ్మం ఎక్కినవాడి చెవిన కాదన్న మాట పడకూడదు తల్లీ. కాదనడానికి మనమెవరం? చూద్దాం అను. చూసేవాడు పైనున్నాడు" అని చేరిన రోజే చెప్పారు. కొత్తమ్మాయికి అది కష్టమేమీ కాలేదు. అంతకుముందు ఆమె బట్టలకొట్లో పనిచేసింది. అడిగిన రంగు లేకపోతే "వచ్చే లోడులో వస్తుందండి" అనాలిగాని లేదనకూడదని అక్కడి సేటు నేర్పాడు. కర్ర విరగకుండా పాము చావకుండా మాట్లాడటంలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇంట్లో అక్క "అన్నం తింటావా?" అని అడిగినా "చూద్దాం" అనేదట.

అలా చూద్దాం చూద్దాం అనగా అనగా బెంచీ గది చాలక గోడను నెట్టింది. గోడకు కన్నం కొట్టించారు. వరండా దాటి వీధిలోకి వచ్చి, దర్జీ కొట్టు ముందునుంచి పాకింది. దర్జీ ఒక రోజు గొణిగి, మర్నాటి నుంచి తన గిరాకీలను దానిమీదే కూర్చోబెట్టాడు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం గడియారాలాయన వచ్చాడు. పక్క వీధిలో చిన్న కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. ఒక కంటికి అద్దం బిగించి బిగించి ఆ కన్ను రెండోదానికన్నా చిన్నదైపోయింది. బెంచీ మీద అంచుకు కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మా ఆవిడకి పడుకుంటే ఊపిరాడట్లేదమ్మా. నేను గోడవైపు తిరిగి కూర్చుంటే నా వీపుకి ఆనుకుని కాస్త కునుకు తీస్తోంది. ఊపిరి మిషను ఇంట్లో పెట్టుకోమన్నాడు డాక్టరు. కొనే స్తోమత లేదు. మీ దగ్గర ఉంటుందన్నారు."

సదనంలో ఊపిరి మిషన్లు రెండే. ఒకటి గుడ్డలమిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఒకావిడ దగ్గర ఉంది. అది తీస్తే ఆవిడ బతకదు. రెండోదాని మోటారు కాలిపోయింది. ఇది ఇంక పనికిరాదని మెకానిక్కు చేతులెత్తేసి, తిరిగి తెచ్చి షెడ్డులో పెట్టి పోయాడు. కొత్తమ్మాయికి రెండు సంగతులూ తెలుసు. దుప్పటి కప్పిన ఆ మిషను వెనక తలుపులోంచి గడియారాలాయన కూర్చున్న చోటికి కనబడుతోంది.

"అదేనామ్మా?" అన్నాడాయన. చిన్న కన్ను పెద్దదైంది.

ఆ ముఖం చూసి లేదనడానికి ఆమెకు నోరు రాలేదు. "అదేనండి. దానికి కాస్త పనుంది. చూద్దాం. పెద్దయ్యగారితో చెబుతాను. దేవుడున్నాడు" అంది.

ఈ మాటల్లో ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం అనలేం. ఆయన మాత్రం వాటిని మూట కట్టుకుని, మిషను దొరికినంత సంతోషంగా ఇంటికి వెళ్ళాడు. కొద్దిరోజులకు మళ్ళీ వచ్చి, "ఎంతవరకు వచ్చిందమ్మా పని?" అని అడిగాడు. "ఈ వారంలో ఏదో ఒకటి తేలుతుందండి" అంది కొత్తమ్మాయి. ఆయన రోజూ వచ్చి విసిగించే మనిషి కాడు. చెప్పిన మాట నమ్మి ఇంట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన వచ్చింది ఉతికిన చొక్కా వేసుకుని. బెంచీ మీద కూర్చోలేదు.

"ఇక అక్కర్లేదమ్మా. మంగళవారం పోయింది" అన్నాడు. "మా కోసమని ఆ మిషను అట్టే పెట్టి ఉంచారు. ఇంకెవరికైనా ఇవ్వండి, పాపం. ఆ మాట చెబుదామనే వచ్చాను."

కొత్తమ్మాయి చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

"మా బావమరిది కారు తెచ్చాడు. వాళ్ళ ఊరి ఆసుపత్రిలో మంచం చెప్పి ఉంచానన్నాడు. సదనంవాళ్ళు మిషను ఇస్తున్నారుగా, ప్రాణం కుదుటపడని మనిషిని దారంతా కుదిపెయ్యడం ఎందుకని నేనే పంపేశాను. పోనీలే, తన ఇంట్లోనే పోయింది. అదొక్కటే తృప్తి. మీకు రుణపడి ఉంటానమ్మా."

ఆమె నోరు తెరిచింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. నీళ్ళు నమిలి, "అలాగేనండి" అంది.

ఆయన దండం పెట్టి వెళ్ళాడు. ఆ మర్నాడు తిరిగొచ్చి, దర్జీ కొట్టు ముందు బెంచీ చివర కూర్చున్నాడు. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దన్నాడు. "ఇంట్లో ఉంటే చెవులు గుమ్మంవైపే ఉంటున్నాయమ్మా. ఏ బండి చప్పుడైనా లేచి తలుపు తీస్తున్నాను. ఏం వస్తుందని చూస్తున్నానో నాకే తెలియదు. ఇక్కడైతే కాస్త నయంగా ఉంది."

అప్పట్నుంచి బెంచీ ఆయన కూర్చున్న చివరే పెరగసాగింది. రోజూ వచ్చి చివరే కూర్చుంటాడు, రోజూ చివర ఇంకాస్త ముందుకు జరిగి ఉంటుంది. పిండిమర దాటింది. మంచినీళ్ళ పంపు దగ్గర మలుపు తిరిగింది. ఆ వీధి తిన్నగా పోయి శ్మశానం గేటు దగ్గర ఆగుతుంది. గడియారాల కొట్టు తాళం తుప్పు పట్టింది. ఆయన చొక్కా మెడ దగ్గర వదులైంది.

కొత్తమ్మాయి రోజూ మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని బెంచీ పొడవునా నడిచి వెళ్ళేది. దారిలో చెప్పాల్సిన మాటలు కూడబలుక్కునేది. దగ్గరికి వెళ్ళాక, "ఎలా ఉన్నారండీ?" అని అడిగేది. "ఉన్నానమ్మా" అనేవాడు. ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేసేది. దూరం పెరిగేకొద్దీ టీ చల్లారిపోవడం మొదలుపెట్టింది. ఆయన చల్లారిన టీయే తాగేవాడు.

"ఇది మిగతావాటిలా పెరగడం కాదు అమ్మాయ్," అన్నాడు వడ్రంగి ఒకరోజు, ఈసారి వేళాకోళం లేకుండా. "ఇది ఆయన్ని మోసుకుపోతోంది. గేటు బయట ఉన్నంతవరకు నేను కాళ్ళు వేస్తాను. లోపలికి పోయిందంటే వెనక్కి తేవడం నా వల్ల కాదు."

"ఏం చెయ్యను బాబాయ్?"

"ఆయనకి రావాల్సిన జవాబేదో నీ దగ్గరే ఉండిపోయింది. ఇచ్చెయ్."

ఆమె ఇవ్వలేదు. మనిషి బుద్ధి ఎంత గడుసుదంటే, ఒకరికి ఇవ్వాల్సింది పదిమందికి పంచితే సరిపోతుందనుకుంది. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళకు నిజం చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో అదీ చేతకాలేదు. తల్లికి మంచం కావాలని వచ్చిన ఒకామెకు "లేదు" అని పుల్ల విరిచినట్టు చెప్పి తల దించుకుంది. మర్నాడు బెంచీ వరండాలో ఒక చోటు పెరిగింది, ఆమె మళ్ళీ వచ్చింది.

"నిన్న మీకు ఒంట్లో బాగాలేనట్టుంది. అందుకని ఇవాళ వచ్చాను" అంది, ఎంతో మర్యాదగా.

కొత్తమ్మాయి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "మా మంచాలన్నీ బయట ఉన్నాయక్కా. ఎండాకాలం పోయేదాకా ఒక్కటీ తిరిగి రాదు. మీరు మా కోసం ఆగొద్దు. పెద్దాసుపత్రి వెనక ఇంకో మందిరంవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర ఉందో లేదో ఇప్పుడే ఫోను చేసి కనుక్కుంటాను." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫోనులో అవతలివాళ్ళు ఉందన్నాక దారి అడిగి, గబగబా వెళ్ళిపోయింది. బెంచీ కిర్రుమని ఆ మేర లోపలికి జరిగింది.

అప్పట్నుంచి ఆమెకు మాట చెప్పడం అలవడింది. లేనిదాన్ని లేదనేది, ఎప్పటిదాకా లేదో చెప్పేది, ఇంకెక్కడికి వెళ్ళాలో చెప్పేది. కొందరు తిట్టారు. ఒకాయన ఇదేం దేవుడి ఇల్లని అరిచి వెళ్ళాడు. పెద్దయ్యగారు తలుపు చాటునుంచి వింటూ నొచ్చుకునేవారు, కాని వరండా ఖాళీ అవుతుంటే ఏమీ అనలేకపోయేవారు. ఇవతల జానెడు తగ్గిందని ఆమె సంబరపడేలోపు అవతలి చివర మూరెడు పెరిగేది. ఇక గేటు ఇనప చువ్వలు గడియారాలాయన మోకాళ్ళకు తగలడం ఒక్కటే మిగిలింది.

ఆమె పెద్దయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ప్రార్థన గదిలో కుర్చీలు సర్దుతున్నారు ఆయన.

"ఆయనకి చెప్పేస్తానండి."

"చెబితే పోయినావిడ తిరిగొస్తుందా తల్లీ? మనవల్ల మంచే జరిగిందని ఆ ముసలి ప్రాణం నమ్ముతోంది. ఆ కాస్త ఊరట కూడా లాక్కుంటావా?"

"ఆ ఊరటే ఆయన్ని గేటు దాకా తీసుకుపోయిందండి."

పెద్దయ్యగారు చేతిలోని కుర్చీ కింద పెట్టారు. "చూద్దామన్న మాట నీకు నేర్పింది నేను. పద, నేనే చెబుతాను" అన్నారు.

"వద్దండి. నేర్పింది మీరే, అన్నది నేను. నేనే చెప్పాలి." ఆయన మాటకు ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

ఆ రోజు టీ పట్టుకుని బెంచీ పొడవునా నడుస్తుంటే దర్జీ మిషను ఆపి చూశాడు. గడియారాలాయన గేటుకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు. ఆమె గ్లాసు చేతికిచ్చి, నిలబడే చెప్పింది.

"మా దగ్గర మిషను లేదండి. మీకోసం ఏదీ అట్టే పెట్టలేదు. షెడ్డులో మీరు చూసింది కాలిపోయిన మిషను. అది బాగుకాదని మీరు రాకముందే తేలిపోయింది."

ఆయన గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. "నీకు ఎప్పుడు తెలుసు?"

"మొదటి రోజే తెలుసండి."

"తెలిసే చూద్దామన్నావు."

"తెలిసే అన్నానండి. మీ ముఖం చూసి లేదనలేకపోయాను."

"ఆ రోజే లేదని ఉంటే, నేను దాన్ని కారెక్కించేవాడిని."

"అవునండి."

"ఎక్కిస్తే బతికేదా?"

బతికేదేమోనండి, ఏమో, ఎవరి రాత ఎలా ఉందో అన్న మాటలన్నీ ఆమె నాలుక మీదికి వచ్చాయి. అన్నిటినీ పక్కకు నెట్టి, "నాకు తెలియదండి" అంది.

ఆయన గ్లాసు పట్టుకునే ఆమెవైపు వీపు తిప్పుకున్నాడు. "నా వీపుకి ఆనుకునే ఉందమ్మా. వెచ్చగా తగులుతూ ఉండే ఊపిరి ఆగిపోయింది. అయినా కదల్లేదు నేను. నిద్ర పట్టిందేమో, లేపడం ఎందుకులే అనుకున్నాను." అప్పుడు ఏడ్చాడు. భార్య పోయిన రోజున కూడా ఏడవలేదని దర్జీ తర్వాత చెప్పాడు. వంగిపోయిన వీపు ఎగిసి పడుతుంటే కొత్తమ్మాయికి చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యడానికి తనకేం హక్కుందని ఆగిపోయింది.

"నన్ను క్షమిస్తారా?" అని మాత్రం అడిగింది.

ఆయన ముఖం తుడుచుకుని లేచాడు. గ్లాసు చేతిలోనే ఉందన్న ధ్యాస కూడా లేకుండా ఇంటివైపు నడిచాడు. జవాబు చెప్పలేదు. ఆయన వెనకే బెంచీ కదిలింది. పంపు దగ్గర మలుపు తిరిగి, పిండిమర దాటి, దర్జీ గిరాకీలను కాళ్ళు ఎత్తమంటూ, వడ్రంగి వేసిన కాళ్ళన్నీ టకటకమని రాలుస్తూ, గోడ కన్నంలోంచి గదిలోకి వెళ్ళిపోయింది.

గడియారాల కొట్టు తెరుచుకుంది. ఆయన మళ్ళీ కంటికి అద్దం బిగించాడని, వేళకు తింటున్నాడని వడ్రంగి కబురు మోసుకొచ్చాడు. వస్తూనే బెంచీకేసి చూసి ఆగిపోయాడు. గోడ కన్నంలోంచి ఒక్క మనిషి చోటు బయటికి వచ్చి ఉంది.

"ఇదెవరిది?"

"నాది బాబాయ్" అంది కొత్తమ్మాయి.

పని అయ్యాక ఆమె ఆ చోట్లో కూర్చునేది. బండి చప్పుడైతే తల ఎత్తేది. టోపీ పెట్టుకున్న మనిషి ఎవరు మలుపు తిరిగినా లేచి నిలబడేది. చోటు వరండా దాటింది, దర్జీ కొట్టు ముందుకు వచ్చింది. అన్నం సయించక ఆమె గాజులు మోచేతి దాకా జారేవి. "దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు తల్లీ" అని పెద్దయ్యగారు తలమీద చెయ్యి పెట్టారు.

"నేను అడిగింది దేవుణ్ణి కాదండి" అంది ఆమె.

బెంచీ పిండిమర దగ్గరికి వచ్చిన ఒక మధ్యాహ్నం గడియారాలాయన వచ్చాడు. చేతిలో గ్లాసు ఉంది, శుభ్రంగా కడిగింది. ఆమె లేవబోతే కూర్చోమన్నాడు. ఇద్దరి మధ్యా గ్లాసు పెట్టాడు.

"గ్లాసు ఇచ్చేసి, పోనీలే చూద్దాం అని వెళ్ళిపోదామనుకుంటూ వచ్చానమ్మా," అన్నాడు. "మలుపు తిరగ్గానే నువ్వు కనబడ్డావు, ఈ చివర్న. అక్కడ కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

పిండిమర ఆగింది. ఎవరో డబ్బా భుజానికెత్తుకుని వెళ్ళారు.

"నేను నిన్ను క్షమించలేను. కోపంతో అనట్లేదు. ప్రయత్నించి చూశాను, నా వల్ల కాలేదు. ముందు ముందు కూడా అవుతుందనుకోను. నువ్వు నా కోసం ఆగొద్దు. వెళ్ళి నీ పని చూసుకో."

ఎన్నాళ్ళ నుంచో ఆమె బిగబట్టిన ఊపిరి బయటికి వచ్చింది.

"అలాగేనండి" అంది.

ఆయన టోపీ సర్దుకుని తన కొట్టువైపు వెళ్ళిపోయాడు. ఆమె ఏడుస్తూ కూర్చునే ఉంది. బెంచీ ఆమెను మెల్లగా వెనక్కి తీసుకెళ్ళింది. గ్లాసు ఒరగకుండా ఒక చేత్తో పట్టుకుంది. దర్జీ తల దించుకుని కుట్టుకుంటున్నాడు. వరండా దాటి, కన్నంలోంచి గదిలోకి వెళ్ళి, గోడవారగా ఎప్పుడూ ఉండేచోట బెంచీ ఆగింది.

బల్ల దగ్గర ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు, చేతులు నలుపుకుంటూ. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"మా నాన్నకి ఊపిరి మిషను కావాలమ్మా" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, తను కూర్చున్న చోటు అతనికి చూపించింది. "కూర్చోండన్నయ్యా. మా దగ్గర మిషను లేదు" అంది, ఫోను దగ్గరికి లాక్కుంటూ. "ఎక్కడుందో కనుక్కుంటాను. మీరు కదలకుండా నా ఎదురుగానే ఉండండి, వాళ్ళు ఏమన్నదీ అన్నది అన్నట్టే చెబుతాను."